కంటి జబ్బుకు లెక్కలతో ఏం పని?



గుడుపల్లెలో కంటి శిబిరం జరిపిన ప్రతిసారీ ఖర్చుల పట్టికను మీ ముందు పెడుతున్నాం. ఈసారి ఆ పట్టిక చూసి మన పాత దాత ఒకరు ఒక ప్రశ్న వేశారు. "కంటి కొలతలకింత, ఆపరేషన్ తర్వాత మళ్ళీ పిలిపించి చూపించడానికింత అని రాశారు. ఆ డబ్బుతో ఇంకో నలుగురికి ఆపరేషన్ చేయించొచ్చు గదా సాబ్?" అన్నారు. ప్రశ్న న్యాయమైనదే. ఆయన దుకాణంలో రూపాయి రూపాయికీ చిట్టా రాసుకునే మనిషి. అక్కడికక్కడే జవాబు చెప్పబోయి మేము తడబడ్డాం. జవాబు ఒక్క మాటలో లేదు, కొన్ని లెక్కల్లో ఉంది. ఆ లెక్కల్నే ఈ సంచికలో తీరిగ్గా మీ ముందు పెడుతున్నాం. మేము డాక్టర్లం కాము, గణిత పండితులమూ కాము. శిబిరానికి వచ్చే డాక్టర్లను అడిగి, కొంత చదివి తెలుసుకున్నదే ఇది.

జబ్బును లెక్కలతో అర్థం చేసుకోవడాన్ని 'గణిత నమూనా' అంటారు. పేరు పెద్దదే గానీ సంగతి మన రైతులకు కొత్త కాదు. మన వైపు పట్టుపురుగులు మేపే రైతును అడిగి చూడండి. వంద గుడ్లు తెస్తే ఎంత మల్బరీ ఆకు కావాలో, ఎన్నో రోజుకు పురుగు గూడు కడుతుందో ముందుగానే చెబుతాడు. ఎండ ముదిరితే ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. అంతమాత్రాన అతని లెక్క పనికిరాదని ఎవరూ అనరు. చేతికొచ్చిన అనుభవాన్ని అంకెల్లో పెట్టుకుని, రాబోయేదాన్ని అంచనా వెయ్యడం, తప్పితే సరిదిద్దుకోవడం. కంటి జబ్బుల విషయంలోనూ శాస్త్రజ్ఞులు చేస్తున్నది అదే.

ముందు ఒక్క కంటి లెక్క చూద్దాం. శుక్లం అంటే కంటిలో పుట్టుకతో ఉన్న లెన్సు మసకబారడం. మన ఇళ్ళల్లో మోతియా అంటాం. చుక్కల మందుతో అది కరగదు, తీసెయ్యాల్సిందే. తీసేశాక కంట్లో లెన్సు ఉండదు కాబట్టి వెలుతురు ఒకచోట కుదురుకోదు. అందుకే ఒకప్పుడు ఆపరేషన్ అయిన పెద్దలు సోడాబుడ్డి అద్దాలు పెట్టుకునేవారు. ఆ అద్దాల్లోంచి ఉన్న వస్తువు పెద్దదిగా కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చేది కనిపించదు. మెట్టు ఎక్కడుందో తెలియక పడేవాళ్ళు. అద్దాలు పగిలాయంటే కొత్తవి వచ్చేదాకా మళ్ళీ చీకటే.

తీసిన లెన్సు స్థానంలో కంటిలోపలే ఇంకో లెన్సు పెట్టవచ్చని చేసి చూపినవాడు హెరాల్డ్ రిడ్లీ అనే ఇంగ్లండు డాక్టరు. 1949 నవంబరు 29న లండన్‌లో ఆ ఆపరేషన్ చేశాడు. యుద్ధ విమానాల అద్దం ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకుని కూడా కంటికి పడకపోవడమంటూ లేకుండా ఉండిపోవడం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. అయితే ఆ మొదటి రోగికి ఆపరేషన్ తర్వాత చాలా పెద్ద మైనస్ నంబరు వచ్చింది. చెయ్యి తప్పలేదు, లెక్క తప్పింది. ఎంత పవర్ ఉన్న లెన్సు పెట్టాలన్న లెక్క అప్పటికి ఇంకా కుదరలేదు.

ఆ లెక్కను కుదుర్చుకోవడానికి మరో ముప్ఫయి ఏళ్ళు పట్టింది. 1980లో శాండర్స్, రెట్జ్‌లాఫ్, క్రాఫ్ అనే ముగ్గురు అమెరికా డాక్టర్లు ఒక సూత్రం ఇచ్చారు. వారి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఎస్ఆర్‌కె అంటారు. కూడికలు, తీసివేతలు వస్తే ఎవరైనా చెయ్యగల లెక్క అది:

లెన్సు పవర్ = ఎ − (2.5 × కంటి పొడవు) − (0.9 × కార్నియా వంపు)

'ఎ' అన్నది లెన్సు రకాన్నిబట్టి తయారీదారు ఇచ్చే అంకె, సుమారు 118. కంటి పొడవు అంటే కార్నియా ముందువైపు నుంచి వెనక రెటీనా దాకా ఉన్న దూరం, మిల్లీమీటర్లలో. కార్నియా అంటే నల్లగుడ్డు మీద గాజులా ఉండే పొర. దాని వంపును కెరటోమీటరుతో కొలుస్తారు. కంటి పొడవును ధ్వని తరంగాలతో కొలిచే యంత్రమే ఏ-స్కాన్. మన ఖర్చుల పట్టికలో 'కొలతలు' అని రాసినది ఈ రెండింటి గురించే.

ఇప్పుడు అంకెలు వేద్దాం. 'ఎ' 118.4 అనుకోండి. కంటి పొడవు 23.5 మిల్లీమీటర్లు, కార్నియా వంపు 44. రెండున్నర సార్లు 23.5 అంటే 58.75. 44లో 0.9 వంతు 39.6. 118.4 లోంచి ఆ రెండూ తీసేస్తే మిగిలేది 20.05. అంటే ఆ మనిషికి 20 పవర్ లెన్సు సరిపోతుంది. అదే వరసలో కూర్చున్న ఇంకొకరి కన్ను పొడవు 25 మిల్లీమీటర్లు ఉందనుకోండి, వంపు అంతే. అప్పుడు జవాబు 16.3. మూడో మనిషి కన్ను 22 మిల్లీమీటర్లే అయితే 23.8. ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ముగ్గురికీ ఒకే రకం శుక్లం. కొలవకుండా అందరికీ 20 పెట్టేస్తే మొదటివారికి చూపు వస్తుంది. మిగతా ఇద్దరికీ వెలుతురు వస్తుంది గానీ చూపు సరిగా రాదు. ఒకరికి దూరం మసక, ఇంకొకరికి దూరమూ దగ్గరా రెండూ మసకే.

ఈ సూత్రంలో మేము గమనించినది ఆ 2.5 అంకె. రెండున్నర అన్న అంకె జకాత్ తీసే మనందరికీ బాగా పరిచయమే. ఇక్కడ దాని అర్థం వేరు. కంటి పొడవు కొలవడంలో ఒక్క మిల్లీమీటరు తప్పు జరిగితే లెన్సు పవర్ రెండున్నర తప్పుతుందని అర్థం. ఒక మిల్లీమీటరు ఎంతని! మామూలు ఏ-స్కాన్‌లో కొలిచే పుల్లను కార్నియాకు ఆనించాలి. కొంచెం గట్టిగా నొక్కితే చాలు, కన్ను నొక్కుకుని పొడవు తక్కువగా చూపిస్తుంది. పొడవు తక్కువ పడితే పవర్ ఎక్కువ లెన్సు పడుతుంది, రోగికి మైనస్ నంబరు మిగులుతుంది. అందువల్ల కొలిచే మనిషికి శిక్షణ ఉండాలి, తీరిక ఉండాలి. గంటలో అరవై మందిని తోసేస్తే ఆ మిల్లీమీటరు ఎక్కడో జారిపోతుంది.

ఇంకో సంగతి. ఎస్ఆర్‌కె సూత్రం ఏ సిద్ధాంతంలోంచీ పుట్టలేదు. అప్పటికే ఆపరేషన్ అయినవారి కొలతలు, వారికి పెట్టిన లెన్సులు, చివరికి వారికి వచ్చిన చూపు, వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి, అన్నిటికీ దగ్గరగా వెళ్ళే గీత గీస్తే వచ్చింది. అంటే ఆపరేషన్ తర్వాత రోగుల్ని మళ్ళీ పిలిపించి చూసి, ఫలితం రాసిపెట్టబట్టే అది పుట్టింది. బాగా పొట్టి కళ్ళకు, బాగా పొడుగు కళ్ళకు అది సరిగా పనిచెయ్యదని తర్వాత తేలింది. ఇప్పుడు డాక్టర్లు వాడేవి దాన్ని సరిదిద్దిన కొత్త సూత్రాలు. వాటిని కంప్యూటరే లెక్కిస్తుంది. ఏ సూత్రమైనా దానికి తిండి మాత్రం కొలతలే.

కన్నును గణితంతో చూడటం పడమటి దేశాల్లో మొదలైందని చాలామంది అనుకుంటారు. బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్ పదకొండో శతాబ్దం మొదట్లో రాసిన 'కితాబుల్ మనాజిర్' ఈ విషయంలో తల్లివేరు లాంటిది. కంట్లోంచి కిరణాలు బయటికి వెళ్ళి వస్తువును తాకుతాయని అంతకుముందు గ్రీకు పండితులు కొందరు చెప్పేవారు. అలా కాదు, వస్తువు మీది నుంచి వెలుతురే కంటిలోకి వస్తుందని ఆయన వాదించాడు. నోటిమాటతో ఆగలేదు, గీతలు గీసి, కోణాలు కట్టి, ప్రయోగాలు చేసి చూపించాడు. అయితే బొమ్మ పడేది కంటి వెనకున్న రెటీనా మీద అన్న సంగతి ఆయనకు దొరకలేదు. లెన్సు దగ్గరే చూపు పుడుతుందనుకున్నాడు. దాన్ని సరిదిద్దింది 1604లో కెప్లర్. ఆ సరిదిద్దడానికి కూడా ఇబ్నుల్ హైసమ్ వేసిన గీతలే ఆధారం. ఒకచోట తప్పున్న నమూనా కూడా తర్వాతివారికి దారి చూపుతుందనడానికి మాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. మన మదరసా పిల్లలకు ఈ కథ ఒకసారి చెప్పాలని ఉంది.

ఇక ఒక్క కన్ను వదిలి ఊరి లెక్కకు వద్దాం. జబ్బు ఊళ్ళో ఎలా పెరుగుతుంది, ఎలా తగ్గుతుంది అన్నదాన్ని సమీకరణాల్లో పెట్టిన మొదటివారిలో ఒకరు మన తెలుగు గడ్డ మీద పనిచేసినవారే. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ తర్వాతి ఏళ్ళలో దోమల లెక్క, రోగుల లెక్క కలిపి సమీకరణాలు రాశాడు. ప్రతి దోమనూ చంపనక్కర్లేదు, ఒక హద్దుకు కిందికి దించితే మలేరియా తనంతట తానే అణగిపోతుందని అవి చెప్పాయి. మన మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం శానటోరియం వైద్యులు 1950 నుంచి 1955 దాకా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి క్షయ లెక్క తీశారు. ఆ అధ్యయనం ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది. ఊరంతా లెక్క తియ్యడం మన ప్రాంతానికి కొత్తదేమీ కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

కంటి విషయంలో అలాంటి పెద్ద పని హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ చేసింది. 1996 నుంచి 2000 దాకా జరిగిన ఆ సర్వే పేరు ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనం. లలిత్ దండోనా, రాఖీ దండోనా దానికి నాయకత్వం వహించారు. హైదరాబాద్ నగరం, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లెలు కలిపి 94 చోట్ల 10,293 మంది కళ్ళు పరీక్ష చేశారు. పసిపిల్లల నుంచి ముసలివారి దాకా అన్ని వయసులవారూ అందులో ఉన్నారు. తేలింది ఏమిటంటే, నూటికి 1.84 మంది అంధులు. వారిలో 44 శాతానికి కారణం శుక్లం. 16.3 శాతానికి కారణం కేవలం కళ్ళద్దాలు లేకపోవడం! రెండూ కలిపితే 60 శాతం. అంటే ప్రతి పదిమంది అంధుల్లో ఆరుగురికి చూపు తెప్పించే మార్గం అప్పటికే చేతిలో ఉంది.

సర్వే అంకెలు చేతికొచ్చాక వారు ఒక నమూనా వేశారు. జనాభా ఎలా పెరుగుతోంది, వృద్ధులు ఎంతమంది అవుతారు అన్నది తెలుసు. ఏ వయసులో ఎంత అంధత్వం ఉందో ఇప్పుడు తెలిసింది. రెంటినీ గుణించి ముందుకు జరిపారు. 2000 నాటికి దేశంలో ఒక కోటి 87 లక్షల మంది అంధులు ఉంటారని, ఇలాగే వదిలేస్తే 2020కి మూడు కోట్ల 16 లక్షలు అవుతారని లెక్క వచ్చింది. శుక్లం వల్ల వచ్చే అంధత్వంలో 95 శాతాన్ని 2020 లోపు తొలగించగలిగితే ఒక కోటి 56 లక్షల మంది అంధులు కాకుండా ఆగిపోతారని కూడా అదే నమూనా చెప్పింది. 2001లో అది అచ్చయింది.

మరి 2020కి ఏం జరిగింది? ఇక్కడ తొందరపడకూడదు. 2015 నుంచి 2019 దాకా జరిగిన జాతీయ సర్వేలో అంధత్వం 0.36 శాతం అని, దేశం మొత్తం మీద సుమారు 48 లక్షల మంది అని తేలింది. మూడు కోట్లన్నారు, అరకోటి కూడా లేరు, లెక్క తప్పింది అని నవ్వుకోవచ్చు. అయితే రెండింటి కొలబద్ద ఒకటి కాదు. మామూలు మనిషి 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్లకు వచ్చినా చదవలేనివారిని మొదటి సర్వేలో అంధులన్నారు. రెండోదానికి వచ్చేసరికి 3 మీటర్లకు వచ్చినా చదవలేనివారే అంధులు. మన దేశంలో ఈ నిర్వచనం 2017లో మారింది. గీత జరిగితే గీతకు అవతల ఉన్నవారి సంఖ్య మారుతుంది కదా. అయినా నిర్వచనం ఒక్కదాని వల్లే ఇంత తేడా రాలేదు. ఈ మధ్య కాలంలో దేశంలో ఏటా జరిగే శుక్లం ఆపరేషన్లు అరవై లక్షలు దాటాయి. 'ఇలాగే వదిలేస్తే' అన్న షరతు నిజం కాలేదు, వదిలెయ్యలేదు. ఆ అంకె జాతకం కాదు, హెచ్చరిక. హెచ్చరిక విని బ్రేకు వేస్తే బండి గోతిలో పడదు. పడలేదు కాబట్టి హెచ్చరిక అబద్ధమనడం ఎలా కుదురుతుంది?

ఒక లోటు కూడా చెప్పాలి. ఆ సర్వేలో మన చిత్తూరు జిల్లా లేదు, రాయలసీమలో ఏ జిల్లా లేదు. ఆదిలాబాద్ పల్లెకూ గుడుపల్లెకూ ఎండలో, పనిలో, ఆసుపత్రి దూరంలో తేడా ఉంటుంది. మన దగ్గర కాస్త జబ్బుగా ఉంటే బెంగళూరు రైలెక్కేస్తారు. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక, ఎవరు ఎక్కడ ఆపరేషన్ చేయించుకున్నారో ఏ ఒక్క ఆసుపత్రి లెక్కలోనూ పూర్తిగా ఉండదు. కాబట్టి ఆ శాతాల్ని మన మండలం మీద అలాగే అతికించి, మన ఊళ్ళో ఇంతమంది అంధులున్నారని చెప్పడానికి మేము సిద్ధంగా లేము. అక్కడ వేసిన లెక్క పద్ధతిని మాత్రం తెచ్చుకోవచ్చు.

ఆ పద్ధతి అర్థం కావాలంటే మన చెరువును తలుచుకోండి. వాగులోంచి నీళ్ళు వచ్చి చేరుతుంటాయి, తూములోంచి పోతుంటాయి. చెరువులో ఎంత నీరుందన్నది ఈ రెంటి తేడా మీద ఆధారపడి ఉంటుంది. శుక్లంతో చూపు పోయి ఆపరేషన్ కోసం ఎదురుచూసేవారే ఆ చెరువులో నీళ్ళు. ఊహకు కొన్ని ఊళ్ళు కలిపి అలాంటివారు వందమంది ఉన్నారనుకుందాం. ఏటా కొత్తగా ఇరవై మందికి చూపు మసకబారుతోంది. మనం ఏటా ఇరవై మందికి ఆపరేషన్ చేయించామనుకోండి. పదేళ్ళలో రెండు వందల ఆపరేషన్లు! సావనీర్‌లో ఫోటోలతో సహా వేసుకోవచ్చు. పదేళ్ళ తర్వాత చెరువులో ఎంతమంది? అదే వందమంది. ముప్ఫయి మందికి చేయిస్తే ఏటా పదిమంది చొప్పున తగ్గి పదేళ్ళకు చెరువు ఖాళీ అవుతుంది. ఇరవైకీ ముప్ఫయికీ మధ్య తేడా పదే, ఫలితంలో తేడా మాత్రం ఆకాశమంత. ఎన్ని చేశామన్నది ఒక్కటే చూస్తే ఇది కనపడదు, ఎంతమంది కొత్తగా చేరుతున్నారో కూడా తెలియాలి.

చెరువుకు ఇంకో తూము ఉంది. చెప్పడానికి మనసొప్పదు గానీ చెప్పాలి. ఎదురుచూస్తూ చనిపోయేవారు. వారు కూడా లెక్కలోంచి తగ్గిపోతారు. శాతం తగ్గిందని సంతోషపడే ముందు, చూపు వచ్చి తగ్గారా, చీకట్లోనే వెళ్ళిపోయి తగ్గారా అని అడగాలి. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి. ఆపరేషన్ల సంఖ్యలోనూ ఒక మెలిక ఉంది. ఒకే మనిషికి రెండు కళ్ళకూ చేస్తే రెండు ఆపరేషన్లు, మనిషి ఒక్కరే. రెండో కంటికి చెయ్యడం మంచిదే. కానీ రెండు కళ్ళూ లేని ఇంకొకరు ఇంట్లోనే కూర్చుని ఉన్నారేమో చూసుకోవాలి.

ఇప్పుడు దాతగారి ప్రశ్నకు నేరుగా వస్తాం. అంతకంటే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పట్టు రీలింగ్‌లో బతుకంతా గడిపిన ఒక పెద్దమ్మకు మనం ఆపరేషన్ చేయించాం. పట్టీ విప్పిన రోజు ఆమె వేళ్ళు లెక్కపెట్టింది, మా రిజిస్టరులో 'విజయవంతం' అని రాసుకున్నాం. ఏడాది తర్వాత ఇంకొకరిని శిబిరానికి పిలవడానికి ఆ వీధికి వెళితే ఆమె గడపలో కూర్చుని ఉంది. "మనుషులు కనిపిస్తున్నారు బేటా, దారం కనిపించదు. ఇంక అంతేనేమో అనుకున్నా" అంది. అద్దాలు ఎవరైనా ఇచ్చారా అని అడిగితే, అద్దాలు కూడా కావాలా అని ఎదురు అడిగింది. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు కన్ను కుదుటపడ్డాక నంబరు చూసి అద్దాలివ్వాలి. ఆమెను తిరిగి తీసుకెళ్ళాల్సింది మేము. తీసుకెళ్ళలేదు. కొడుకు తెల్లారి రైలుకు బెంగళూరు పనికి పోయి రాత్రికి వస్తాడు, ఆమెను ఎవరు తీసుకెళ్తారు? తర్వాత అద్దాలు వచ్చాయి, దారం కనిపించింది. పోయిన ఏడాది మాత్రం తిరిగి రాలేదు.

ఇలాంటి తప్పు లెక్కలో కనిపించాలనే ప్రపంచం ఇప్పుడు కొలబద్ద మార్చింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక లక్ష్యానికి ఆమోదం తెలిపింది. 2030 నాటికి 'ఫలితం దక్కిన శుక్లం సేవ'ను 30 పాయింట్లు పెంచాలని. దాని లెక్క ఇలా ఉంటుంది. పైన, ఆపరేషన్ అయి మంచి చూపు వచ్చినవారు. కింద, ఆపరేషన్ అయినవారందరూ, ఇంకా కావలసినవారందరూ కలిపి. పైదాన్ని కిందిదానితో భాగించి నూటితో గుణించాలి. మంచి చూపు అంటే 6/12. అంటే మామూలు మనిషి 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచైనా చదవగలగాలి.

మళ్ళీ ఊహాంకెలే వాడుకుందాం. ఆపరేషన్ అవసరమైనవారు వందమంది. అరవై మందికి అయింది, నలభై మంది ఎదురుచూస్తున్నారు. అరవైలో నలభై అయిదుగురికి మంచి చూపు ఉంది, పదిహేనుమందికి లేదు. పాత లెక్కలో మన మార్కులు 60. కొత్త లెక్కలో 45. ఇప్పుడు కొంత డబ్బు వచ్చింది. ఇంకో పదిమందికి ఇదే పద్ధతిలో ఆపరేషన్ చేయిస్తే, నలుగురిలో ముగ్గురికి చూపు వస్తున్న లెక్కన ఏడెనిమిది మంది పెరుగుతారు. మార్కులు 52 లేదా 53. అలా కాక ఆ పదిహేనుమందినీ వెతికి పట్టుకుని చూపిస్తే, వారిలో పదిమందికి అద్దాలతోనే సరిపోయిందనుకోండి, మార్కులు 55. ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే అద్దాల ఖర్చు ఎంత! మొదటినుంచీ కొలతలు సరిగా ఉండి ఉంటే ఆ పదిహేనుమందిలో చాలామంది అసలు మిగిలేవారే కాదు.

అలాగని ఆపరేషన్లు తగ్గించమని మేము అనడం లేదు. ఎదురుచూసే నలభై మంది ఎక్కడికీ పోలేదు, వారి గుమ్మం ముందు ఈ భాగహారం చదివితే తిడతారు. ఒక ఆపరేషన్ అంటే కొలత, కోత, తిరిగి చూడటం, మూడూ కలిపి ఒకటి అని లెక్క వేసుకోవాలన్నదే మా మాట. మూడింటికీ డబ్బు లేనప్పుడు మూడోదాన్ని వదిలేసి సంఖ్య పెంచుకోవడం మాకు ఇకమీదట ఇష్టం లేదు.

శుక్లం తర్వాత మమ్మల్ని ఎక్కువ భయపెడుతున్నది షుగర్. షుగర్ వల్ల రెటీనా పాడైతే చివరిదాకా నొప్పి ఉండదు, చూపు కూడా చాలాకాలం బాగానే ఉంటుంది. తెలిసేసరికి ఆలస్యమవుతుంది. అందరినీ నెలనెలా పరీక్ష చెయ్యలేం. మరి ఎన్నాళ్ళకోసారి చెయ్యాలి? దీనికీ ఒక నమూనా ఉంది. జబ్బును మెట్లుగా విడగొడతారు: ఏమీ లేదు, కొంచెం, మధ్యస్థం, తీవ్రం. ఒక మెట్టు మీదున్నవారు తర్వాతి మెట్టుకు జారే అవకాశం ఎంతో పాత రికార్డుల్లోంచి లెక్క కడతారు. అమెరికాలో ముప్ఫయి ఏళ్ళపాటు కొందరు షుగర్ రోగుల్ని వెంబడించి తీసిన పరీక్షల మీద ఇలా లెక్కించి 2017లో ఫలితం ప్రకటించారు. షుగర్ బాగా అదుపులో ఉండి రెటీనాలో ఏమీ లేనివారిని నాలుగేళ్ళకోసారి చూసినా చాలు, తీవ్రమైన మెట్టు మీదున్నవారిని మూడు నెలలకోసారి చూడాలి అని తేలింది. ఇది చదివి ఎవరూ నాలుగేళ్ళు ఇంట్లో కూర్చోకండి! ఆ లెక్క చిన్నతనంలో వచ్చే మొదటి రకం షుగర్‌వారిది, వారికి క్రమం తప్పని వైద్యం అందింది. మన దగ్గర ఎక్కువగా ఉన్నది రెండో రకం, సగంమందికి షుగర్ ఎంతుందో గుర్తే ఉండదు. మన డాక్టర్లు ఏడాదికోసారి చూపించుకోమంటున్నారు, అదే పాటిద్దాం. మెట్టు పైకెక్కేకొద్దీ వెంటవెంటనే చూడాలన్న సూత్రం మాత్రం ఎవరికైనా ఒకటే. అందుకే శిబిరంలో షుగర్ ఉన్నవారి పేర్లు ఇకమీదట వేరే పుస్తకంలో రాస్తాం.

చివరగా, ఈ ఏడాది చేసిన మార్పు. మా రిజిస్టరులో ఇన్నాళ్ళూ పేరు, ఊరు, వయసు, ఏ కన్ను, ఆపరేషన్ తేదీ అని అయిదు గళ్ళే ఉండేవి. ఇప్పుడు మరో మూడు గీయించాం. ఆపరేషన్‌కు ముందు చూపు ఎంత, ఆరు వారాల తర్వాత అద్దాలు లేకుండా ఎంత, అద్దాలతో ఎంత. ఈ గళ్ళు నింపడానికి ఒక మనిషి, ఒక ఆటో కావాలి. గుడుపల్లె నుంచి లోపలి పల్లెలకు బస్సు వేళలు కుదరవు కాబట్టి ఆటో తప్పదు. దాతగారు అడిగిన రెండో పద్దు అదే. మొన్న ఆయనకు కాగితం మీద ఆ వంద, అరవై, నలభై అయిదు వేసి చూపించాం. కాసేపు చూసి, పెన్ను అడిగి తీసుకుని, లెక్క తానే మళ్ళీ ఒకసారి వేసుకున్నారు. "అయితే వచ్చే ఏడు సావనీర్‌లో ఆపరేషన్ల సంఖ్య ఒక్కటే వేస్తే ఒప్పుకోను, ఆ మూడో గడి కూడా అచ్చు వెయ్యాలి, తక్కువొచ్చినా సరే" అన్నారు. వేస్తామని మాటిచ్చాం.